నల్లగొండలో పాత ఇంటిపై మొదటి అంతస్తుకు అనుమతి: స్వీయ ధ్రువీకరణ విధానం, ప్లాన్ గీసిన కార్యాలయం

నల్లగొండ పట్టణంలో నాన్నగారు కట్టించిన ఇంటిపై మొదటి అంతస్తు వేయాలని నేను, మా తమ్ముడు నిర్ణయించుకున్న తర్వాత మాకు రెండు సేవలతో పని పడింది. మొదటిది రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం. 2020 నవంబరు 16న టీఎస్-బీపాస్ పేరుతో మొదలైన ఈ విధానం, 2024లో రాష్ట్ర సంకేతాక్షరాలు మారడంతో టీజీ-బీపాస్‌గా వ్యవహారంలోకి వచ్చింది. రెండోది క్లాక్ టవర్ సెంటర్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఒకే గదిలో నడిచే ప్లానింగ్ కార్యాలయం. అందులో లైసెన్సు ఉన్న ఇంజినీరు ఒకరు, ప్లాన్లు గీసే యువకుడు ఒకరు ఉంటారు. ఆ కార్యాలయం పేరు నేను ఇక్కడ రాయడం లేదు. ఇల్లు కట్టుకోబోయేవారు ఎవరి దగ్గరికి వెళ్లినా ఎలాంటి పని అడిగి చేయించుకోవాలో తెలియడమే ముఖ్యమని నా ఉద్దేశం.

ప్రభుత్వ విధానం వేగంగా పనిచేస్తుందన్నది నిజం. అయితే ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో గ్రహించకుండా దానిని మెచ్చుకోవడం సరికాదు. పూర్వం దస్త్రాన్ని కార్యాలయంలో పరిశీలించి, స్థలాన్ని చూసి, తర్వాత అనుమతి ఇచ్చేవారు. ఇప్పుడు చిన్న, మధ్యతరహా ఇళ్ల విషయంలో ఆ పరిశీలన బాధ్యతను యజమాని సంతకానికి అప్పగించి, అనుమతిని ముందే ఇస్తున్నారు. ఆ సంతకం పెట్టే ముందు స్థలాన్ని నిజంగా కొలిచి, కాగితాలను నిజంగా చదివే మనిషి మన పక్షాన ఒకరు ఉండాలి. మా విషయంలో ఆ పని చేసింది ఈ చిన్న కార్యాలయమే కాబట్టి, ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

ముందుగా విధానం ఎలా ఉందో చెప్పాలి. స్థలం 75 గజాల లోపు ఉండి, కింది అంతస్తు, పైన ఒక అంతస్తు మాత్రమే వేసుకునేవారికి అనుమతి అవసరం లేదు. ఆన్‌లైన్‌లో వివరాలు నమోదు చేసుకుని నామమాత్రంగా ఒక రూపాయి చెల్లిస్తే సరిపోతుంది. అంతకు మించి 600 గజాల వరకు, అంటే 500 చదరపు మీటర్ల వరకు ఉన్న స్థలంలో, ఎత్తు 10 మీటర్లు దాటని నివాస భవనానికి స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి వస్తుంది. అంతకంటే పెద్ద స్థలాలకు, ఎత్తైన భవనాలకు మాత్రం ఏకగవాక్ష విధానంలో 21 రోజుల గడువు ఉంది. ఆ గడువులో అధికారులు ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టుగానే భావించాలని చట్టం చెబుతోంది. పట్టణాల్లో ఇళ్లు కట్టుకునే సామాన్య కుటుంబాల్లో అత్యధికులు మొదటి రెండు తరగతుల్లోకే వస్తారు. నల్లగొండ అయినా, మిర్యాలగూడ అయినా, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల అయినా ఈ నియమాలు ఒకటే. దరఖాస్తును ఇంటి నుంచి వెబ్‌సైట్‌లో గాని, మీసేవ కేంద్రంలో గాని పెట్టుకోవచ్చు. ఎవరి బల్ల దగ్గర దస్త్రం ఆగిందో తెలియక నెలల తరబడి తిరిగిన తరం మా నాన్నగారిది. ఆ తిరుగుడును ఈ విధానం తీసివేసిందంటే అది చిన్న మేలు కాదు.

అయితే ఈ తక్షణ అనుమతిలో ఒక షరతు ఇమిడి ఉంది. దరఖాస్తులో మనం రాసిన ప్రతి అంకె, ప్రతి మాట నిజమని మనమే హామీ ఇస్తాము. స్థలం మనదేనని, అది ప్రభుత్వ భూమి గాని, చెరువు శిఖం (చెరువు నీరు నిలిచే భూమి) గాని, నిషేధిత జాబితాలోని భూమి గాని కాదని, చుట్టూ వదలాల్సిన ఖాళీ వదులుతామని, చూపిన నక్షాకు (ప్లాన్‌కు) భిన్నంగా కట్టబోమని మనమే రాసి ఇస్తాము. అనుమతి వచ్చిన తర్వాత అధికారులు వచ్చి పరిశీలిస్తారు. అందులో తప్పుడు సమాచారం తేలితే అనుమతి రద్దు చేయవచ్చు. నక్షాకు విరుద్ధంగా కట్టిన భాగాన్ని నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారాన్ని 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ఇచ్చింది. కాబట్టి కంప్యూటరులో పచ్చగుర్తు కనిపించగానే గండం గడిచిందని అనుకోవడానికి వీల్లేదు. అసలు పరీక్ష ఆ తర్వాతే ఉంటుంది.

మేము ఆ కార్యాలయానికి వెళ్లే ముందు మరి కొందరిని కూడా అడిగి చూశాము. దాదాపు అందరూ చెప్పింది ఒకటే: సేల్ డీడ్ జిరాక్సు, ఆధార్, ఇంటి పన్ను రసీదు ఇస్తే సాయంత్రానికి అనుమతి కాగితం చేతికి వస్తుందని. ఈ ఇంజినీరు గారు మాత్రం కాగితాలన్నీ ఒకసారి తిరగేసి, "ముందుగాల జాగ కొలుద్దాం సార్. గీసుడు తర్వాత" అన్నారు. దస్తావేజులో కొలతలు ఉన్నాయి గదా అని మా తమ్ముడు అంటే, "దస్తావేజుల ఉన్నది అప్పటి మాట. అధికారి వచ్చి టేపు పట్టేది ఇప్పటి గోడకు" అని ఆయన ఇచ్చిన జవాబు నాకు బాగా నచ్చింది. ఆ ఒక్క మాటతోనే పని ఆయనకు అప్పగించాము.

కొలత పట్టిన తీరు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సేవకు విలువ వచ్చింది అక్కడే. దస్తావేజు ప్రకారం మా స్థలం 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు, అంటే సరిగ్గా 200 గజాలు. ఆయన తన సహాయకుడితో వచ్చి నాలుగు వైపులా మాత్రమే గాక మూల నుంచి మూలకు కూడా కొలిచారు. మూలల మధ్య కొలతలు సమానంగా రాకపోతే స్థలం సరైన దీర్ఘచతురస్రంగా లేదని అర్థమట. మేస్త్రీలు పునాది వేసేటప్పుడు చేసే ఈ పనిని ప్లాన్ గీసేవారు చేయడం నేను ఇంతకుముందు చూడలేదు. వెడల్పు తొమ్మిది అంగుళాలు తక్కువ వచ్చింది. ఆ లెక్కన స్థలం 196 గజాలకు కాస్త తక్కువ. ఎప్పుడో పక్కవారి ప్రహరీ కట్టినప్పుడు గోడ మందం మా వైపు వచ్చి ఉంటుంది. దాని మీద తగవు పెట్టుకునే ఆలోచన మాకు లేదు. పక్కింటి కాక మాకు ఇంటి మనిషితో సమానం. కాని నక్షాలో మాత్రం నేలమీద ఉన్న కొలతే చూపాలని, కాగితం మీద ఎక్కువ ఉన్నదని ఎక్కువ చూపితే పక్క ఖాళీ లెక్క మొత్తం తప్పుతుందని ఆయన గట్టిగా చెప్పి, తక్కువ కొలతనే ఆధారంగా తీసుకున్నారు.

ఇక్కడ సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, లెక్క చెప్పడం అవసరం. రాష్ట్రంలో భవన నిర్మాణాలకు ఇప్పటికీ ఆధారంగా ఉన్నవి ఉమ్మడి రాష్ట్రంలో 2012లో 168వ నంబరు జీవోగా వచ్చిన నియమాలు, వాటికి తర్వాత వచ్చిన సవరణలు. ఆ నియమాల ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల మధ్య ఉన్న స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి, సాధారణ వెడల్పు రోడ్ల మీద ముందు వైపు 1.5 మీటర్లు, మిగతా వైపుల ఒక్కొక్క మీటరు ఖాళీ వదలాలి. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు కాబట్టి మా ఇల్లు ఈ వరుసలోకే వస్తుంది. మన దస్తావేజులన్నీ గజాల్లో, అడుగుల్లో ఉంటాయి. మేస్త్రీ మాట్లాడేదీ అడుగుల్లోనే. నియమాలు, దరఖాస్తు మాత్రం మీటర్లలో ఉంటాయి. ఒక మీటరంటే మూడు అడుగుల మూడున్నర అంగుళాలకు కొంచెం తక్కువ. దానిని మూడు అడుగులుగా అనుకుని గోడ లేపిన ఇల్లు మూడున్నర అంగుళాల తేడాతో నియమం తప్పుతుంది. ఈ కార్యాలయం మాకు ఇచ్చిన నక్షాలో ప్రతి కొలతనూ మీటర్లలోను, పక్కనే అడుగులు అంగుళాల్లోను రాశారు. అధికారికి ఒకటి, మేస్త్రీకి ఒకటి. ఇది అడిగి మరీ చేయించుకోవాల్సిన పని.

మా ఇంటి ముందు రోడ్డు 20 అడుగులు ఉంది. కొత్తగా ఇల్లు కట్టే చోట రోడ్డు వెడల్పు నియమం కంటే తక్కువగా ఉంటే, రోడ్డు మధ్య గీత నుంచి కొలిచి, లోటులో సగం మన వైపు నుంచి వదిలిపెట్టాలి. రోడ్డును 30 అడుగులుగా లెక్కిస్తే, మధ్య నుంచి 15 అడుగులు పోవాలి. అంటే మా స్థలంలో ముందు అయిదు అడుగులు. ఇల్లు ఇప్పుడు రోడ్డు అంచు నుంచి ఎనిమిది అడుగుల లోపల ఉంది. అయిదు అడుగులు తీసేస్తే మిగిలేది మూడే అడుగులు, ఉండాల్సింది దాదాపు అయిదు అడుగులు. చాలా మంది ఈ విషయాన్ని చూడనట్టే దాటేసి, కింది ఇంటి ముందు గోడపైనే పై అంతస్తు గోడ లేపుతారు. ఇంజినీరు గారు అలా గీయడానికి ఒప్పుకోలేదు. ఆరు అడుగుల వరండా వెనక ఉన్న అసలు గోడ మీద నుంచే పై అంతస్తును మొదలుపెట్టి, వరండా కప్పును ఖాళీగా వదిలారు. రేపు ఎప్పుడైనా రోడ్డు విస్తరించినా పోయేది కింది ప్రహరీ, మెట్లు మాత్రమే గాని, పైన మనుషులు పడుకునే గదికి ముప్పు రాకూడదని ఆయన ఆలోచన. ఒక గది చిన్నదైందని అమ్మ మొదట బాధపడ్డది. కాని ఆ ఖాళీ కప్పు తూర్పు వైపు ఉండడం వల్ల ఉదయపు ఎండ పై గదుల్లోకి నేరుగా వస్తుందని, వాస్తు చూసే పంతులు గారు కూడా దానిని మెచ్చుకున్నారని తర్వాత ఆమె సంతోషించింది. రోడ్డు విస్తరణకు స్థలం వదిలినవారికి ఖాళీల విషయంలో కొన్ని సడలింపులు ఆ నియమాల్లోనే ఉన్నాయి. అవి తమకు వర్తిస్తాయో లేదో ప్రతివారూ తమ ఇంజినీరును అడిగి తెలుసుకోవాలి.

సజ్జల విషయంలోనూ ఆయన ఇంతే పట్టుదలగా ఉన్నారు. తప్పనిసరి ఖాళీలోకి సజ్జ 60 సెంటీమీటర్లకు మించి, అంటే రెండు అడుగులకు మించి రాకూడదు. మా వాడలో చాలా ఇళ్లకు మూడు అడుగుల సజ్జలు, వాటిపై బీరువాలు పెట్టుకునే గూళ్లు కనిపిస్తాయి. నల్లగొండ ఎండల్లో సజ్జ వెడల్పుగా ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ కోరిక న్యాయమైనదే. దానికి ఆయన చూపిన మార్గం పడమటి గోడకు కిటికీలు తగ్గించి, ఉత్తరానికి పెంచడం. నియమాన్ని తప్పించుకునే దారి చూపమని వచ్చేవారికి నియమం లోపలే ఇంటిని చల్లగా ఉంచే దారి చూపడం మంచి ఇంజినీరు లక్షణమని నేను నమ్ముతున్నాను.

అన్నింటికంటే నాకు ఎక్కువ గౌరవం కలిగించిన పని పునాది పరీక్ష. ఆన్‌లైన్ దరఖాస్తు స్థలం గురించి, ఖాళీల గురించి, ఎత్తు గురించి ఎంతో అడుగుతుంది. కాని పాత ఇంటి గోడలు కొత్త అంతస్తును మోయగలవా అన్నది కంప్యూటరు తేల్చగలిగిన విషయం కాదు. అది ధ్రువీకరించే ఇంజినీరు మనస్సాక్షి మీద ఆధారపడి ఉంటుంది. మా ఇంటికి పిల్లర్లు లేవు. రాతి పునాది మీద తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, వాటిపై స్లాబు. బరువంతా గోడల మీదే. ఆయన ఇంటికి ఎదురెదురు మూలల్లో గోడ పక్కన గోతులు తవ్వించి, పునాది రాయి ఎంత లోతుకు వెళ్లిందో, ఎంత వెడల్పు ఉందో, దాని కింద ఏ నేల ఉందో కళ్లతో చూశారు. ఒక మూల మొరం గట్టిగా తగిలింది. రెండో మూల, పూర్వం కుంట నీళ్లు నిలిచిన వైపు, మొరం పైన నల్లమట్టి పొర ఉన్నా, పునాది దానిని దాటి కిందికే దిగింది. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి, పునాది అందులోనే ఆగిపోయి ఉంటే పై అంతస్తు ఆలోచనే మానుకోమని చెప్పేవాడినని ఆయన అన్నారు. పై గోడలన్నీ కింది గోడల మీదే రావాలని, గది మధ్యలో స్లాబు మీద ఎక్కడా ఇటుక గోడ కట్టరాదని నక్షా మీదే తెలుగులో రాసి ఇచ్చారు. ఇది మేస్త్రీ చదువుకోవడానికి. నక్షాలన్నీ ఆంగ్లంలోనే ఉండే చోట ఇలాంటి రెండు వాక్యాలు ఒక ఇంటిని కాపాడగలవు.

కాగితాల పని కూడా తేలిక కాదు. ఇంటి పన్ను ఇంకా నాన్నగారి పేరు మీదే వస్తోంది. ఆయన పోయిన తర్వాత మేము పంపకం దస్తావేజు రాసుకున్నా, మున్సిపల్ రికార్డులో పేరు మార్పు జరగలేదు. ముందు అది పూర్తయ్యాకే దరఖాస్తు పెట్టాలని, దరఖాస్తులో పెట్టే పేరు, దస్తావేజులోని పేరు, పన్ను రసీదులోని పేరు ఒకటిగా ఉండాలని ఆయన సలహా ఇచ్చారు. దస్తావేజులో ఇంటి పేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరాలుగా ఉండడం మన దగ్గర మామూలే కాబట్టి, ఈ చిన్న తేడా పెద్ద ఆటంకం కాకుండా ఆయన ముందే సరిచూసుకున్నారు. ఈసీ (స్థలంపై జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (స్థలం అంతకుముందు చేతులు మారిన నాటి దస్తావేజులు), పాత పంచాయతీ అనుమతి ప్రతి, స్థలం ఫొటోలు అన్నీ వరుసలో పెట్టించారు. ఆ పాత అనుమతి ప్రతిని మా నాన్నగారు ఇనుప పెట్టెలో భద్రంగా దాచి ఉండడం వల్ల మాకు ఎంతో మేలు జరిగింది.

అలాంటి ఆధారం లేని ఖాళీ ప్లాట్ల యజమానులకు పరిస్థితి వేరు. నల్లగొండ చుట్టుపక్కల, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల 1990ల తర్వాత పొలాలను ముక్కలు చేసి అమ్మిన ప్లాట్లలో చాలా వాటికి లేఅవుట్ అనుమతి లేదు. వాటి కోసం వచ్చిన ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ) పథకాన్ని 2020 ఆగస్టు 26 నాటికి ఉన్న ప్లాట్లకే పరిమితం చేసి, ఒక్కో ప్లాటుకు వెయ్యి రూపాయల రుసుముతో దరఖాస్తులు తీసుకున్నారు. 2025లో 25 శాతం రాయితీతో మిగతా సొమ్ము కట్టే అవకాశం ఇచ్చారు. పార్కుల కోసం వదలాల్సిన ఖాళీ స్థలం లేని లేఅవుట్లలో ప్లాటు విలువపై 14 శాతం అదనంగా కట్టాలి. ఇల్లు కట్టడానికి సిద్ధమైన రోజున ఈ లెక్క తెలిసి బెంబేలెత్తిన కుటుంబాలు మా బంధువుల్లోనే ఉన్నాయి. వ్యవసాయ భూమిగానే రికార్డుల్లో మిగిలిపోయిన చోట, నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చుకోవడం) కూడా ముందే పూర్తి చేసుకోవాలి.

పాత పట్టణాల్లోని గ్రామకంఠం (ఊరి పాత నివాస స్థలం) ఇళ్లవారి కష్టం ఇంకా పెద్దది. తాతల నాటి నుంచి ఉంటున్న ఇంటికి రిజిస్టరు దస్తావేజు అనేదే ఉండదు; ఉన్నది ఇంటి పన్ను రసీదులు, ఇరుగుపొరుగు మాట మాత్రమే. స్వీయ ధ్రువీకరణ విధానాన్ని రూపొందించినవారు కొత్త కాలనీల్లోని ప్లాట్లను దృష్టిలో పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. పాత వాడల ఇళ్లకు తగిన దారి ఈ విధానంలో స్పష్టంగా ఉండాల్సింది. ఈ విధానానికి నేను పూర్తి మార్కులు ఇవ్వలేకపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం చెరువుల విషయం. పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు, కుంటకు తొమ్మిది మీటర్లు వదలాలి. పెద్ద కాలువలకు, వాగులకు కూడా తొమ్మిది మీటర్లు ఉండాలి. నల్లగొండలో పానగల్లు ఉదయసముద్రం ఉంది, మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువలు ఉన్నాయి, ఊరి చుట్టూ పేరు మరిచిపోయిన కుంటలు ఉన్నాయి. తన ప్లాటు ఏ కుంట హద్దుకు ఎంత దూరంలో ఉందో సామాన్యుడు ఎలా తెలుసుకుంటాడు? ఆ హద్దులో లేనని మాత్రం అతడు సంతకం పెట్టి ధ్రువీకరించాలి. ఈ కార్యాలయం మా స్థలానికి సంబంధించిన గ్రామ నక్షాను చూసి, పాత కుంట ఎక్కడ ఉందో గుర్తించి, దూరం కొలిచి చెప్పింది. ఇల్లు కట్టుకునే ప్రతి మనిషికీ ఈ సమాచారం దరఖాస్తు పేజీలోనే, సర్వే నంబరు కొట్టగానే కనిపించాలి. 2025లో ప్రభుత్వం బిల్డ్‌నౌ పేరుతో నక్షాలను కంప్యూటరే నియమాలతో సరిచూసే కొత్త విధానాన్ని తెచ్చింది. అది కొలతల తప్పులను పట్టగలదు. నేల మీద చెరువు ఎక్కడ ఉందన్న ప్రశ్నకు కూడా ఇలాంటి విధానాల్లో తిరుగులేని జవాబు దొరకాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

పల్లెల్లో కట్టుకునేవారి దారి వేరే. గ్రామ పంచాయతీ పరిధిలో 300 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు ఇళ్లకు పంచాయతీయే అనుమతి ఇస్తుంది. నకిరేకల్, దేవరకొండ దిక్కున ఊళ్లలో ఉన్నవారు ముందు తమ ఊరు ఇంకా పంచాయతీలోనే ఉందా, మున్సిపాలిటీలో కలిసిందా అన్నది చూసుకోవాలి.

రుసుముల విషయానికి వస్తే, అనుమతి రుసుము, అభివృద్ధి రుసుములు స్థలాన్ని బట్టి, కట్టడాన్ని బట్టి మారుతాయి. దరఖాస్తులో వివరాలు నింపగానే లెక్క తెర మీద వస్తుంది. చాలా మంది మరిచిపోయేది భవన కార్మికుల సంక్షేమ సెస్సు. కట్టుబడి ఖర్చు నిర్ణీత పరిమితి దాటితే అందులో ఒక శాతం ఈ సెస్సుగా కట్టాలి. ఎండల్లో ఇటుక మోసేవారికి దక్కాల్సిన ఆ సొమ్మును తగ్గించుకోవడానికి కట్టుబడి ఖర్చును తక్కువ చేసి చూపడం మంచిది కాదు. మా ఇంజినీరు గారు ఆ లెక్కను ఉన్నది ఉన్నట్టు వేశారు.

ఇంకుడు గుంత గురించి ఒక మాట. చాలా నక్షాల్లో అది ఒక మూల వేసిన చిన్న వృత్తంగానే మిగిలిపోతుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి రెండు తరాలు ఎముకలు వంగిపోయిన జిల్లా మనది. వాన నీరు నేలలోకి దిగడం ఇక్కడ మిగతా చోట్ల కంటే ఎక్కువ అవసరం. ఆయన పై కప్పు నీరంతా ఏ గొట్టంలో దిగి, ఏ గుంతలో పడుతుందో గీసి, గుంతలో అడుగున పెద్ద కంకర, దానిపై చిన్న కంకర, అన్నింటికంటే పైన దొడ్డు ఇసుక ఎంత మందం వేయాలో రాశారు. దానిని పునాదికి, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఈశాన్యంలో పెట్టించారు.

ఆ కార్యాలయంలో నాకు నచ్చని విషయాలు కూడా ఉన్నాయి. రుసుము ఊళ్లో ఇతరులు అడిగిన దానికంటే ఎక్కువ. చేసిన పనిని బట్టి అది న్యాయమే అయినా, అందులో కొలతకు ఎంత, నక్షాకు ఎంత, దరఖాస్తుకు ఎంత అన్నది విడదీసి రాసి ఇవ్వలేదు. ప్రభుత్వానికి కట్టే రుసుము వేరు, తమ రుసుము వేరు అని మాటగా చెప్పారు గాని, మొదటి రోజే కాగితం మీద పెట్టి ఉంటే బాగుండేది. ఆయన ఉదయం పూట సైట్ల మీద తిరుగుతారు కాబట్టి సాయంత్రం వరకు దొరకరు, ఫోను ఎత్తరు. సహాయకుడు మంచివాడే గాని, నియమాల గురించి అడిగితే సారు వచ్చాక చెబుతామంటాడు. పని ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు కొలత పట్టడానికి రావడం ఆలస్యమవుతుంది. తొందరలో ఉన్నవారికి ఈ కార్యాలయం సరిపడదు.

మా దరఖాస్తు పెట్టిన రోజునే అనుమతి వచ్చింది. ఆ సంగతి ఇంకే కార్యాలయం ద్వారా వెళ్లినా అంతే. తేడా తెలిసింది తర్వాత పరిశీలనకు వచ్చిన రోజున. అధికారి టేపు పట్టినప్పుడు వచ్చిన కొలతలు, నక్షాలోని కొలతలు కలిశాయి. ముందు ఖాళీ గురించి అడిగిన ప్రశ్నకు రోడ్డు మధ్య గీత నుంచి వేసిన లెక్క నక్షా మీదే ఉంది. మేము జవాబు చెప్పుకోవాల్సిన అవసరమే రాలేదు. అనుమతి ఉన్న నక్షా, అంచనా పట్టిక చేతిలో ఉండడంతో బ్యాంకు రుణం విషయంలోనూ చిక్కు రాలేదు.

కాబట్టి ప్రభుత్వ విధానానికి అయిదులో మూడున్నర, ప్లానింగ్ కార్యాలయానికి అయిదులో నాలుగున్నర ఇస్తున్నాను. వెళ్లేవారు సాయంత్రం వేళ, అసలు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, తాజా ఈసీ, పన్ను రసీదు, పాత అనుమతి ఉంటే దాని ప్రతి తీసుకుని వెళ్లాలి. స్థలం కొలవకుండా నక్షా గీస్తామన్నవారి దగ్గర సంతకం పెట్టవద్దు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇల్లు అనుమతి ప్రకారమే పూర్తయిందని ఇచ్చే పత్రం) నుంచి మినహాయింపు 100 చదరపు మీటర్ల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు వరకు కట్టిన సొంత ఇళ్లకే ఉంది. మిగతావారు ఇల్లు పూర్తయ్యాక దానిని తప్పక తీసుకోవాలి. ఆ పనికి రుసుము వేరుగా ఉంటుంది కాబట్టి, మొదట మాట్లాడుకునేటప్పుడే దానిని కూడా కలిపి మాట్లాడుకుని, కాగితం మీద రాయించుకోవడం మంచిది.